చిలగడదుంపల మడి

2003 జూన్ 14

పశువుల డాక్టరమ్మ మా పెరట్లోకి వచ్చింది. మధులత అని పేరు. అన్నవరం కొండ కోతుల మలం పరీక్ష చేయడానికని ప్లాస్టిక్ డబ్బాల్లో పట్టుకుపోతోంది. అంత చదువు చదివి ఇదా పని అన్నాను. నవ్వింది. మీ పెరట్లోనే ఎక్కువ కోతులున్నాయండి అంది.

ఉంటాయి మరి. ఊళ్ళో అందరూ కర్రతో కొడతారు. నేను చిలగడదుంపలు వేసి తవ్వుకోనిస్తాను. ఒకదానికి అప్పాయమ్మ అని పేరు పెట్టాను. పోయిన మా అక్క పేరు. దీనిదీ అదే మూతి ముడుపు, అదే కోపం. ఈ ఏడు పిల్లని కంది.

జూన్ 30

కోతుల కడుపులో ఏలికపాముల గుడ్లు ఉన్నాయట. మనుషులకి ఉండేవేనట. భక్తులు పారేసిన తిండి వల్ల అన్నాను. కాదు తాతగారూ అంది డాక్టరమ్మ. మేక కడుపులో పురుగుకి మన ఒళ్ళు పడదట. కోతికీ మనకీ లోపలి కట్టుబడి దగ్గరది కాబట్టి మన పురుగు అక్కడ సొంతింట్లో ఉన్నట్టు ఉంటుందట. ఆ తర్వాత అడిగింది, పొద్దున్నే మీరు ఎక్కడికి వెళ్తారండీ అని.

ఆడపిల్ల అడిగే మాటేనా అది. కోడలు పావని వంటింట్లోంచే చెప్పేసింది. ఆ దుంపల మడిలోకేనండి, గవర్నమెంటువాళ్ళు కట్టించిన లెట్రిన్‌లో మావయ్యగారు కొబ్బరికాయలు దాచుకుంటారండి అని.

జూలై 1

పావనితో మాట్లాడటం లేదు.

జూలై 3

డాక్టరమ్మ మాత్రలిచ్చింది. కోతులకి, మా ఇంటిల్లిపాదికీ. మీరు వేసుకోకుండా, మడిలోకి వెళ్ళడం మానకుండా వాటికి వేసి లాభం లేదండి, మట్టిలో గుడ్లు నెలల తరబడి బతుకుతాయండి అంది.

వాటికి వేశాను. అరటిపండులో పెడితే అప్పాయమ్మ పండు తిని మాత్ర ఊసేసింది. బెల్లంలో పెడితే మింగింది. నాది మాత్రం చూరులో దోపాను. నా కడుపులో ఏముందో నాకు తెలియదా. నాలుగు గోడల మధ్య కూర్చుంటే నాకు ఊపిరాడదు. మా నాన్న ఆరుబయటికే వెళ్ళాడు. నేనూ అంతే.

ఆగస్టు 20

పిల్ల నా చేతిలోంచి దుంప లాక్కుంది. మట్టితో సహా నోట్లో పెట్టుకుంది. నా వేలు పట్టుకుంటే చంటిబిడ్డ పట్టే. కడిగి ఇవ్వొచ్చుగా మావయ్యగారూ అంది పావని. కోతికి కడిగి పెట్టే ఇల్లు ఎక్కడైనా ఉందా అన్నాను.

సెప్టెంబర్ 27

పిల్ల పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లలు. ఏదో పడని తిండి తినుంటుంది.

అక్టోబర్ 4, మధ్యాహ్నం

పిల్ల పోయింది. అప్పాయమ్మ పొద్దున్నుంచి దాన్ని చంకన వేసుకునే తిరిగింది. పండు చూపించినా చూడలేదు. ఇందాక మడి గట్టు మీద దింపి, పక్కన కూర్చుంది.

పిల్ల నోట్లోంచి బయటికి వచ్చాయి. తెల్లగా, వానపాములంత. నేను వాటిని ఎరుగుదును. చిన్నప్పుడు నాకు వాంతిలో పడ్డాయి. అప్పాయమ్మక్క వాటి మీద బూడిద పోసి, ఎవరితోనూ అనకురా అంది.

అదే రోజు, సాయంత్రం

డాక్టరమ్మ వచ్చింది. నావల్లేనా అని అడిగాను. ఆ పురుగులు ఎవరివో చెప్పలేమండి, కొండ చుట్టూ చాలామంది బయటికే వెళ్తారు కదండీ అంది. నా మనసు నొప్పించకుండా చెప్పింది. ఈ మడిలోకి వెళ్ళేవాణ్ణి నేనొక్కణ్ణే.

పసుపు, కుంకుమ, కొత్త గుడ్డ పావని తెచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. కోతి పోతే మా ఊళ్ళో భజన చేస్తూ సాగనంపుతారు. నేను ఎవర్నీ పిలవలేదు. ఎలా పోయిందని అడిగితే ఏం చెప్పను.

అందరిలా నేనూ కర్ర పట్టుకుని ఉంటే అవి ఇటు వచ్చేవి కావు. పిల్ల బతికేది. ముద్దు చేసి చంపాను.

చూరులో మాత్ర తీశాను. చెదలు పట్టిన దుమ్ముతో సహా మింగాను.

అక్టోబర్ 9, తెల్లవారుజామున

లెట్రిన్‌లోంచి కొబ్బరికాయలన్నీ బయట పడేశాను. లోపల కూర్చున్నాను. ఊపిరాడింది.

పైన రేకు మీద ఏదో దిగింది. చప్పుడును బట్టి అప్పాయమ్మే. అది కదిలేదాకా నేనూ లేవలేదు.