భాను మార్కులు తిన్న దొంగ

మోహనా,

నేను చంద్రగిరి బస్సుకు పరుగెడుతున్నాను. నాలుగింటికి భానును ట్రైనింగ్ సెంటర్‌కు నువ్వే తీసుకెళ్ళు. వెళ్ళేముందు వేడినీళ్ళు తాగి గొంతు సరిచేసుకో. కంప్యూటర్లో నీ మాటలు రికార్డు చేస్తారు.

భాను మార్కులు తినేస్తున్న దొంగ దొరికాడు. నేనే.

చెవులు బాగున్నా ఒకదానికొకటి దగ్గరగా ఉండే శబ్దాలు భానుకు కలిసిపోయి వినిపిస్తాయనే కదా అక్కడ చేర్చాం. ఇంట్లోవాళ్ళ గొంతైతే పిల్ల తొందరగా పట్టుకుంటుందని మేడమ్ అనగానే, నేను ఎగిరి గంతేసి మాటలన్నీ చెప్పి వచ్చాను. మాట వినిపిస్తే దాని బొమ్మ నొక్కాలి, సరిగ్గా నొక్కితే మార్కు. పది రోజులుగా చారు గిన్నె నొక్కాల్సిన చోట భాను బడి సారును నొక్కుతోంది. "సెవులు యాడ పెట్టినావే?" అని రోజూ తిట్టాను. ఇంకో వారం ఇలాగే ఉంటే ట్రైనింగ్ మళ్ళీ మొదటినుంచి అన్నారు.

నిన్న మేడమ్ తనే హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. "ఇందులో చారు ఎక్కడుందండీ?" అని అడిగారు.

"అదో, అది సారు! ఇంకోటేమో సారు! వేరేవేరేగానే అంటుండా కదా మేడమ్?" అన్నాను.

"రెండూ ఒకటే నాయనా!" అంది భాను.

పిల్ల సరిగ్గానే వింటోంది. మా ఐరాల నోటికే చకారం తిరగదు. మీ సూళ్లూరుపేట వాళ్ళంతా నవ్వుకోండి.

అన్నట్టు, నా గొంతు మొత్తం తీసేస్తామంటే భాను ఒప్పుకోలేదు. "మా నాయన గొంతుంటేనే ఆడతా" అంది. చ మాటలు మాత్రం నువ్వు చెప్పు. తక్కినవి నావే ఉండనీ.