పోగు తెగిన సైగ

టెంఘర్, భివండి

అత్తమ్మా, దండాలు. మీ కొడుక్కు గండం తప్పిందని డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఊపిరి మిషన్‌ను రోజూ కాసేపు ఆపి, సొంతంగా పీల్చడం అలవాటు చేస్తున్నారు. గొంతులో గొట్టం ఉంది, మాట రాదు. నిన్న మిషన్ ఆపిన కాసేపటికి రెండు వేళ్లు విడదీసి చూపాడు. పిల్లలిద్దరినీ అడుగుతున్నాడనుకొని, బాగున్నారని చెప్పాను.

“పిల్లలు గాదు చెల్లె, పోగు తెగిందంటుండు. ఊపిరందుతలేదు, నర్సును పిలువు” అన్నాడు ఈయన పక్కనే మరమగ్గాలు నడిపే గట్టయ్య. మగ్గాల సాంచాల మోతలో పన్నెండేళ్లుగా వాళ్లిద్దరివీ సైగల మాటలే. ఇప్పుడు నర్సు కూడా గట్టయ్యనే లోపలికి పిలుస్తోంది. పెళ్లాన్నయిన నేను బయట బెంచీ మీద కూర్చుంటున్నాను. కడుపు మండుతోంది.

మామయ్య ఇక్కడ సాంచాలు నడిపినవాడే కదా. ఆ సైగలన్నీ కార్డు మీద గీయించి పంపండి. గట్టయ్యను అడగను. బర్రె ఈనిందా?

గట్టయ్య మీకు దండం చెప్పమన్నాడు. చెప్పాను.

మీ కోడలు లత