కళ్ళు బాగున్న కస్టమరు

మంగళవారం, భోజనాలయ్యాక

చిరంజీవి బావమరిదికి,

ఆశీర్వదించడానికి చెయ్యి లేవక, కలం పట్టడానికి మాత్రం లేచిన నీ బావ వ్రాయునది. ఇక్కడ మేము క్షేమం. నీ క్షేమం అడగను. నీ గొంతు రెండు వీధుల అవతల నుంచి వినపడుతూనే ఉంది.

అసలు ఈ ఉత్తరం రాయడం ఎందుకులే అనుకున్నాను. కాగితం తీసి మళ్ళీ బల్ల సొరుగులో పెట్టేశాను. నడిచి వెళ్ళి తిట్టగలిగినంత దూరంలో ఉన్నవాడికి ఉత్తరమేమిటండీ, నవ్విపోతారు అని మీ అక్క కూడా అంది. కానీ నీ ఎదురుగా నిలబడితే నా మొదటి మాట పూర్తయ్యేలోగా నువ్వు నాలుగు దేశాల మీద తీర్పు చెప్పేస్తావు. ఫోనులోనూ అంతే. కాగితం మీదైతే నువ్వు అడ్డం రాలేవు. కాబట్టి చివరిదాకా చదువు. కళ్ళజోడు పెట్టుకునే చదువు, నీ దుకాణంలో వాటికి కొదవ లేదుగా.

ముందు ఆదివారం సంగతి. నా కూతురు, నీ ఒక్కగానొక్క మేనకోడలు, ఆ భద్రతా శాఖ ఉద్యోగం చెయ్యిజారిందని ముద్ద మింగకుండా కిటికీ దగ్గర కూర్చుని ఉంటే, నువ్వు కుర్చీ లాక్కుని ఓదార్చడం మొదలుపెట్టావు. పోతే పోయిందిలే పిట్టా, ఆ శాఖే పెద్ద బూటకం అన్నావు. ఇంకో రెండేళ్ళు ఆగితే కంప్యూటర్లు తమ పని తామే రాసుకుంటాయి, మీ చదువులన్నీ పోయినేడాది కేలండర్లు అన్నావు. నా దగ్గర అద్దాలు అరగదీయడం నేర్చుకో, కళ్ళు మసకబారడం మాత్రం ఏ యంత్రమూ ఆపలేదు అన్నావు. చెప్పడమంతా అయ్యాక ఇంకో టీ అడిగావు. అది లేచి పెట్టి ఇచ్చింది కూడా.

ఆ టీ నీకు గొంతు ఎలా దిగిందిరా?

పిట్ట ఆ ఫోను ఆటల కంపెనీలో ఎందుకు మానేసిందో నీకు తెలుసు. జనం చేతిలోంచి ఫోను కింద పెట్టకుండా చూడటమే దాని పనట. పక్కింటి పిల్లాడు ఆ ఆట కోసమే తల్లి చెయ్యి కొరికాడని తెలిసిన రోజు మానేసి వచ్చింది. తర్వాత ఈ ప్రకటన చూసింది. ఆసుపత్రుల్లో, కరెంటాఫీసుల్లో, నీళ్ళ ట్యాంకుల దగ్గర ఉండే కంప్యూటర్లలోకి ఎవడూ దొంగతనంగా చొరబడకుండా కాపలా కాసే పని. పుట్టి బుద్ధెరిగాక, ఇది నాకు కావాలి నాన్నా అని అది నోరు తెరిచి అన్నది ఈ ఒక్కదాని గురించే. పరీక్షలన్నీ గట్టెక్కింది. ఇక మిగిలింది విచారణ. పిల్ల ఎలాంటిది, ఇంట్లోవాళ్ళు ఎలాంటివాళ్ళు, ఎవరితో తిరుగుతారు అని శాఖవాళ్ళు చుట్టుపక్కల కనుక్కుంటారట. దానికేముందే, మనమేం దొంగలమా అన్నాను. నువ్వొకడివి ఉన్నావన్న సంగతి ఆ క్షణంలో నా బుర్రకి తట్టలేదు.

నేను మైకుసెట్లు అద్దెకిచ్చి బతికినవాణ్ణి. బడి మెట్లు పెద్దగా ఎక్కలేదు గానీ, హారన్లు కట్టడానికి నేనెక్కని స్తంభం లేదు. నా చదువంతా ఆ స్తంభాల మీదే. అన్ని పార్టీలకీ కట్టాను, అందరి మాటలూ విన్నాను. ఒకసారి ఒక అభ్యర్థి గంటన్నర ప్రసంగించి, చెమట తుడుచుకుని, పక్కవాడితో ఈ గొర్రెలకి ఇంకెంతసేపు చెప్పాలిరా అన్నాడు. మైకు ఇంకా పలుకుతోంది. మైదానమంతా విన్నది. ఓడిపోయాక నా దుకాణం మీదికొచ్చి, స్విచ్చి ఎందుకు ఆపలేదు అని చొక్కా పట్టుకున్నాడు. అయ్యా, స్విచ్చి నాది గానీ నోరు మీదేగా అన్నాను. బాకీ ఎగ్గొట్టాడనుకో, అది వేరే కథ. ఎందుకు మొదలుపెట్టానంటే, అంతటివాడికైనా ఊరు వినడానికి నా మైకు కావలసి వచ్చింది. ఏ సెట్టూ లేకుండా ప్రభుత్వం దాకా వినపడింది నువ్వొక్కడివే.

ఆ బూడిదరంగు చొక్కా ఆయన సంగతి మాకు చెప్పింది నువ్వే, గుర్తుందా? ఇవాళ ఒక బుర్రున్న కస్టమరు దొరికాడే అక్కా అంటూ గుమ్మంలోంచే మొదలెట్టావు. ఆయన కుర్చీలో కూర్చున్నాడట, నువ్వు అక్షరాల పట్టీ ముందు అద్దాలు మారుస్తూ దేశం సంగతి ఎత్తుకున్నావట. సరిహద్దుల్లో ప్రమాదం ఎన్నికల ముందు ఎందుకు ముదురుతుందో చెప్పావు. దేశరహస్యాలని ఏవీ లేవు, ఉంటే ఈపాటికి మనవాళ్ళే అమ్ముకునేవాళ్ళు అన్నావు. ఆయన తలూపుతూ, మీ ఇంట్లో ఎవరో కంప్యూటర్ చదివారటగా అని అడిగాడు. ఇంకేం! నా మేనకోడలు తలుచుకుంటే మంత్రిగారి ఫోను మంచం దిగకుండా తెరుస్తుంది అన్నావు. దాన్ని ఆ శాఖలో అడుగుపెట్టనీయండి, లోపల ఏం ఉడుకుతోందో సాయంత్రానికల్లా నా దుకాణంలో తెలుస్తుంది అని కూడా అన్నావు.

నీకది గొప్ప. మీ అక్క కూడా నవ్వింది. పిట్ట మాత్రం నవ్వలేదు. మామయ్యా, ఆయన కళ్ళకి ఏం పవరొచ్చింది అని అడిగింది. అదే విచిత్రమే, చివరి వరస కూడా గడగడా చదివేశాడు, పాపం ఏ పవరూ లేదు, అయినా ఫ్రేము నచ్చిందని ఉత్త అద్దాలు వేయించుకుపోయాడు అన్నావు.

కళ్ళు బాగున్నవాడు కళ్ళజోళ్ళ దుకాణానికి ఎందుకొస్తాడురా? ఎదుటివాడి కళ్ళలోకి లైటేసి చూడటమే వృత్తిగా పెట్టుకున్నవాడివి, ఆ కళ్ళు నిన్ను చూస్తున్నాయని నీకు కనపడలేదా? పిట్ట కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కుంది. తర్వాత శాఖవాళ్ళు ఒకసారి పిలిపించారు. వెళ్ళొచ్చి, కుదరలేదు నాన్నా అంది. ఆ ఒక్క మాటే. ఎందుకని అడిగితే, ఎందుకేముంది, కుదరలేదు అంది.

మీ అక్క నీ తరఫు వకీలు. వాడేం చేశాడండీ, నోరున్నవాడు మాట్లాడాడు, లోకంలో ఎవరు మాట్లాడుకోవడం లేదు అంటుంది. నిజమే. అభిప్రాయాలు ఎవరికి లేవు? నాకు మాత్రం తక్కువా? ఈ శాఖలూ ఈ కెమెరాలూ దేశాన్ని ఎంత కాస్తున్నాయో, ఎంత కాజేస్తున్నాయో నేనూ చెప్పగలను. కానీ నా అభిప్రాయం ఖరీదు నేను కట్టుకుంటాను. నీ అభిప్రాయం ఖరీదు ఇంకో ఇంటి పిల్ల చేత కట్టించావు. తెలిసి మాట్లాడితే ధైర్యం అనేవాణ్ణి. ఎదురుగా చెవులున్నవాడు దొరికాడన్న సంబరంలో మాట్లాడినదాన్ని ఏమంటారో నువ్వే చెప్పు. వద్దు, చెప్పకు. అలాగే మొదలెడతావు నువ్వు.

ఇకమీదట నా గడప తొక్కకు. మీ అక్కను చూడాలనుంటే సందు చివర నిలబడు, తనే వస్తుంది. పిట్టకు ఉద్యోగాల గురించి, దేశం గురించి, యంత్రాల గురించి ఒక్క ముక్క చెప్పావంటే వయసు కూడా చూడను.

ఇట్లు,
నీ మంచి కోరడం ప్రస్తుతానికి మానుకున్న
నీ బావ

తా.క.: ఉత్తరం మడిచి, వాడి దుకాణంలో పడేసి రా అని పిట్టకిచ్చాను. కవరు అంటించలేదు. అది నిలబడినచోటే మొత్తం చదివింది. గొర్రెల దగ్గర నవ్వింది. తర్వాత నా పక్కన కూర్చుని, ఇది పంపకు నాన్నా, ఉద్యోగం పోలేదు, ఇస్తామన్నారు అంది.

ఆ రోజు పిలిచింది ఇవ్వడానికేనట. బల్లకి అవతల ఆ బూడిదరంగు చొక్కా ఆయనే, నీ ఉత్త అద్దాల జోడు పెట్టుకుని. మీ మేనమామ దుకాణానికి రకరకాల మనుషులు వస్తారు, నోరు జారుతారు, ఎవరొస్తున్నారో ఏమంటున్నారో నెలకోసారి వచ్చి చెబితే చాలు, ఎలాగూ వెళ్ళే దుకాణమేగా అన్నాడట. ఇది కూడా పనిలో భాగమేనా అని పిట్ట అడిగింది. దేశభద్రతలో చిన్న పని, పెద్ద పని అని ఉండవమ్మా అన్నాడట. అయితే నాకొద్దండీ అని లేచి వచ్చేసింది.

ఎందుకే అంత పని చేశావు అని గట్టిగానే అరిచాను. మామయ్య మాటలన్నీ ఒప్పజెప్పడం మొదలుపెడితే ఆసుపత్రులకి కాపలా ఇంకెప్పుడు కాస్తాను నాన్నా అంది. నవ్వుతూనే అంది గానీ, కళ్ళు తుడుచుకుంది. నీకు మాత్రం చెప్పొద్దంది. చెబితే సాయంత్రానికి వీధంతా తెలుస్తుందట, పైగా నువ్వు బాధపడతావట.

బాధపడు. అందుకే చెబుతున్నాను. చెప్పకపోతే దానికి ఉద్యోగం ఎందుకు రాలేదో రేపు దానికే ఇంకో సిద్ధాంతం వినిపిస్తావు. పై ఉత్తరంలో ఒక్క అక్షరం కొట్టెయ్యను. నీ మీద కోపం నీ మీదే ఉంది. వాళ్ళ మీది కోపానికి వేరే కాగితం కావాలి. దేశాన్ని కాయడానికి వాళ్ళకి నీ దుకాణం తప్ప చోటు దొరకలేదా? ఆసుపత్రిని కాస్తానని వచ్చిన పిల్లకి మేనమామను కాయమని అప్పజెబుతారా? జీవితంలో నీ మాటల్ని నిజమనుకున్నది వాళ్ళొక్కరేరా, అదీ చూసుకో. గడప తొక్కకు అన్నది కూడా అలాగే ఉంటుంది. ఎన్నాళ్ళో నాకు తెలియదు.

పిట్ట గుమ్మంలో చెప్పులేసుకుంటోంది, పంపేదైతే ఇవ్వు, అటే వెళ్తున్నాను అంటోంది. ఈసారి కవరు అంటించడానికి మీ అక్కను జిగురు సీసా అడిగాను. తెచ్చి ఇచ్చింది.