లారీ ఎత్తు తెలిసిన మ్యాపు

మా లారీ తల్లికి,

మీ నాన్న సంతోషం పట్టలేక రాస్తున్నది. నిన్న ఫోనులో నీ మాటలు వినడంతోనే సరిపోయింది, అందుకే ఈ ఉత్తరం. "ఉద్యోగం పోతుందేమోనని పిల్ల ఏడుస్తుంటే మీకీ సంబరమేమిటి?" అని మీ అమ్మ కసిరింది.

సంబరం కాదా మరి? కార్ల కోసం చేసిన ఫోను మ్యాపు నిన్ను ఆ పొట్టి వంతెన కిందికి పొమ్మంది. లారీ నెత్తిన సరుకు చల్లగా ఉంచే మిషను బిగించారని దానికేం తెలుసు? వెనక అందరూ హారన్లు కొడుతున్నా నువ్వు ఆపి, దిగి చూసి, వీధంతా తిడుతుంటే రివర్సులో బయటపడ్డావు. నా బంగారు కొండవి.

సరుకు ఆలస్యమైందని ఓనరు గారు కోప్పడితే కోప్పడనీ. "ఊరికే వచ్చే మ్యాపుండగా నీకు వేరేది కొనాలా, మహారాణీ?" అన్నారని కుమిలిపోకు. నా రోజుల్లో క్లీనరు దిగి, పైకి చూసి "రానీ, రానీ" అనేవాడు. నీ పక్క సీటు ఖాళీ. బండి ఎత్తూ బరువూ చెబితే దానికి పట్టే దారే చూపించే లారీ మ్యాపే ఇప్పుడు నీ క్లీనరు. అది కొనేదాకా తాళాలు ముట్టనన్నావు చూడు, ఆ మాట మీదే ఉండు.

సోమవారం పిలిచి "ఏం తేల్చుకున్నావ్?" అని అడుగుతారట కదా. మర్యాదగా, గట్టిగా అదే చెప్పు. పొమ్మంటే వచ్చెయ్. తోలడానికి ఇంకో లారీ దొరుకుతుంది. మాకు ఇంకో నువ్వు దొరకవు.

మీ నాన్న