లోపలి గడియ

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు నా మీద మోపిన అభియోగం రెండు ముక్కలే. బట్టల సంచీ భుజాన వేసుకుని, గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ అమ్మతో అన్నావట: "మన పిడుగు ఇంటిని పెద్దది చేసింది. అందులో నాకు చోటు లేదు." అప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నిందితురాలు లేని సమయం చూసి నేరం వినిపించి వెళ్లిపోవడం ఏ సభలోనూ మర్యాద కాదు. కాబట్టి నా సమాధానం నీ అద్దెగది చిరునామాకే పంపుతున్నాను.

మన ఇల్లు ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకో. రెండు గదులు, వంటిల్లు, దాని పక్కన కిటికీ కూడా లేని సామాన్ల గది. మనుషులం నలుగురం. ఒకరు అద్దం ముందు నిలబడితే ఇంకొకరు గోడకు బల్లిలా అతుక్కుని నడవాలి. నాన్న పేపరు విప్పితే అమ్మ కత్తిపీట ఎత్తేయాలి. "ఇరుకింట్లో ఉంటే మనసులు దగ్గరవుతాయి" అనేవారు నాన్న. "మోచేతులు దగ్గరవుతాయి" అనేది అమ్మ. అమ్మదే నిజం.

అలాంటి ఇంటికి నేను చేసిన అపకారం ఏమిటి? సామాన్ల గది గోడలు తీయించి ఆ చోటును హాలులో కలిపాను. వంటింట్లోకి మొదటిసారి పగటి వెలుతురు వచ్చింది. నీ మంచం పొద్దున్నే గోడలోకి లేచి నిలబడుతుంది. దాని వీపే పుస్తకాల అర. సోఫా కింద సొరుగులు. భోజనాల బల్ల మడిస్తే నా ఆర్కిటెక్చర్ చదువుకు గీతల బల్ల. ఏ వస్తువూ ఒక్క పనికే పరిమితం కాకూడదు, ఏ మూలా ఊరికే కూర్చుని తినకూడదు: ఇదీ నా సూత్రం. దీనివల్ల అందరికంటే ఎక్కువ లాభపడింది నువ్వే. ఇదివరకు హాల్లో చాప పరుచుకునేవాడివి.

ఇక న్యాయం మాట. మన ఇంట్లో ఎవరికి ఏం కావాలన్నా రాత్రి భోజనాల దగ్గర వాదించి గెలుచుకోవాలి. నాన్న చెంచాతో గ్లాసు మీద కొడితే గడువు తీరినట్టు. నేను ఆ దారిలోనే వచ్చాను. నా ప్రతిపాదన పెట్టాను, నీ వంతు ఇచ్చాం. "నాకు ఆ గది..." అని మొదలుపెట్టి ఆగిపోయావు. నీ మాట తడబడినప్పుడల్లా అందుకోవడం చిన్నప్పటి నుంచీ నా పనే కదా, ఆ రోజూ "అక్కర్లేదు, అంతేగా అన్నయ్యా?" అని నేనే పూర్తి చేశాను. నువ్వు తల వంచుకుని నవ్వావు. నాన్న గ్లాసు మోగించారు. మౌనం అర్ధాంగీకారం అన్నది నేను పుట్టించిన సామెత కాదు.

అంగీకరించి, ఆనక అలిగి వెళ్లిపోవడం ఎక్కడి వాదన? జవాబు రాయి.

నీ చెల్లెలు,
పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి భయపడ్డాను. రెండోసారి నవ్వొచ్చింది. బోనులో నిలబడింది నువ్వా నేనా అన్నది మాత్రం తేలలేదు.

నేను అలగలేదు. ఈ గది సైకిల్ షాపు పైన. కింద గాలి కొట్టే చప్పుడు రోజంతా వస్తుంది. తలుపు చెమ్మకి ఉబ్బి ఉంటుంది, మోకాలితో నెడితే గానీ పడదు. పడిందంటే మాత్రం పడినట్టే. ఓనరమ్మ మొదటి రోజే అడిగింది, "ఏం బాబూ, పెళ్లాంతో గొడవా?" అని. లేదని తల ఊపాను. "అయితే అమ్మతోనా?" అంది. మెట్లు దిగి వెళ్లిపోయాను. నిన్ను ఆమెకి పరిచయం చేస్తే బాగుంటుంది, ఇద్దరూ అవతలివాళ్ల జవాబు కోసం ఆగరు.

నీ మంచం బాగుంది. నీ వెలుతురూ బాగుంది. అమ్మ బియ్యంలో రాళ్లు కనపడుతున్నాయని సంతోషించింది. నేను వాటిని తప్పు పట్టలేదు.

మౌనం అర్ధాంగీకారమే, ఒప్పుకుంటాను. మిగతా సగం ఏమైందని మాత్రం ఎవరూ అడగలేదు.

చలి మొదలైంది. నా బూడిదరంగు స్వెట్టర్ పంపించు. సోఫా కింద ఏదో సొరుగులో ఉంది. ఏ సొరుగో చెప్పలేను, అన్నీ ఒకేలా ఉన్నాయి.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నాన్నకి చెప్పు, ప్రెస్సులో బైండింగ్ పని బాగానే సాగుతోందని.

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

స్వెట్టర్ పంపుతున్నాను. నాలుగో సొరుగు లాగితే దొరికింది. సొరుగుల మీద పేర్లు అతికించమని అమ్మ అంటోంది. అతికిస్తే అందం చెడుతుందని నేనన్నాను. "అందం కట్టుకుని తిరుగు, స్వెట్టర్ ఎందుకు?" అంది. మన ఇంట్లో నన్ను ఓడించగలిగేది అమ్మ ఒక్కతే. ఆమె వాదించదు కనుక.

మన ఇంటి నమూనా బొమ్మలు కాలేజీ ప్రదర్శనలో పెట్టారు. మా ప్రొఫెసర్ వాటి ముందు చాలాసేపు నిలబడి, "ఇంత చిన్న ఇంట్లో ఒక్క అంగుళం కూడా వృథా లేదే" అన్నారు. ఆ మాట వినగానే నాకు నీ మీద కోపం వచ్చింది. ప్రపంచమంతా మెచ్చిన ఇంట్లోంచి ఇంటివాడే వెళ్లిపోతే ఆ బొమ్మకు ఏం విలువ?

నీ అసలు మాటకు వస్తాను. మిగతా సగం ఎవరూ అడగలేదంటావు. వకీలు పాయింటు, ఇంతకాలం ఎక్కడ దాచావు? సరే, ఇప్పుడు అడుగుతున్నాను. ఆ గదిలో ఏముంది? చక్రం ఊడిన సూట్‌కేసులు, నాన్న విరిగిన గొడుగులు, నా పాత పాఠ్యపుస్తకాలు. వాటి కోసం ఇల్లు విడిచి వెళ్లేంత పిచ్చివాడివి కాదు నువ్వు.

ఒక సంగతి నన్ను తొలుస్తోంది. గోడ పడగొట్టిన రోజు వడ్రంగి ఆ గది తలుపు ఊడదీసి, దాన్ని తిప్పి చూపిస్తూ అడిగాడు: "సామాన్ల గదికి గడియ బయట ఉంటుందమ్మా. ఇదేంటి, లోపలుంది? రాత్రుళ్లు సామాన్లు గడియ వేసుకుని పడుకుంటాయా?" అందరం నవ్వాం. నువ్వు అక్కడే ఉన్నావు. నువ్వు నవ్వలేదని ఇప్పుడు, ఈ ఉత్తరం రాస్తుంటే గుర్తొస్తోంది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, దాచడం నా పద్ధతి కాదు. వచ్చే వారం వక్తృత్వ పోటీ. ఈ కొత్త ఇంట్లో ఎక్కడ నిలబడి సాధన చేసినా అందరికీ కనపడతాను. నేను ఆవేశంగా చెయ్యి ఎత్తేసరికి అమ్మ "దోమలా?" అంటుంది. నాన్న పేపరు వెనకనుంచి నా రెండో పాయింటుకు జవాబు చెప్పేస్తారు. చివరికి మేడ మీదకు పోయి నీళ్ల ట్యాంకు వెనక చదువుకుంటున్నాను.

ఆ గడియ నువ్వే పెట్టావా? ఎందుకు? వంకర సమాధానాలు వద్దు.

నీ చెల్లెలు,
పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు మొదలుపెట్టడం, చించడం. కాగితం మీద నా నాలుక తడబడదు అనుకునేవాణ్ణి. అక్కడా తడబడుతుందని ఇప్పుడు తెలిసింది.

గడియ నేనే పెట్టాను. ఇంటర్ చదివే రోజుల్లో.

సాయంత్రం ఇంటికి రాగానే "గొడుగు వెతకాలి" అనో, "పాత పుస్తకం కావాలి" అనో ఆ గదిలోకి వెళ్లేవాణ్ణి గుర్తుందా? వెళ్లి, గడియ వేసుకుని, సూట్‌కేసుల వైపు తిరిగి మాట్లాడేవాణ్ణి. ఒక్కణ్ణే ఉన్నప్పుడు నాకు నత్తి ఉండదు పిడుగూ. ఒక్క అక్షరం కూడా ఆగదు. ఆ సంగతి ఈ లోకంలో ఆ సూట్‌కేసులకి తప్ప ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి బల్ల దగ్గర ఏం చెప్పాలో అది అక్కడ పదిసార్లు చెప్పుకుని, నోటికి పట్టాక బయటికి వచ్చేవాణ్ణి. ఇన్నేళ్లలో మీ ముందు నేను సాఫీగా మాట్లాడిన ప్రతి మాటా ఆ గదిలోంచి వచ్చిందే. నీకు వక్తృత్వంలో మొదటి కప్పు వచ్చిన రోజు నేను నిలబడి అభినందించాను, అమ్మ కళ్లు తుడుచుకుంది. అది అప్పటికప్పుడు వచ్చిందనుకున్నావా? నువ్వు గెలుస్తావని నాకు ముందే తెలుసు. అంతకుముందు వారమంతా సాధన చేశాను.

నువ్వు గది తీసేద్దామన్నప్పుడూ సాధన చేసే వచ్చాను. రెండే వాక్యాలు. "నాకు ఆ గది కావాలి. అక్కడ నేను మాట్లాడటం నేర్చుకుంటున్నాను." మూడు మాటల దాకా వచ్చాను. తర్వాతది నువ్వు చెప్పేశావు.

నీ తప్పని రాయడం లేదు. నువ్వు ప్రేమతోనే అందుకుంటావు. చిన్నప్పుడు కొట్లో నా బదులు నువ్వే అడిగేదానివి, బిస్కెట్లు కూడా నీకు నచ్చినవే తెచ్చేదానివి. నేను అవే తినేవాణ్ణి. అలవాటైపోయింది.

ఒక్కటి మాత్రం చెప్పలేదు ఇంట్లో. గోడ పడ్డ నెలలోనే ప్రెస్సులో సూపర్‌వైజర్ పనికి నన్ను పిలిచారు. పని తెలుసు, మాట్లాడాల్సిందల్లా ఒక్కసారి, ముగ్గురి ముందు. సాధన చేయడానికి చోటు లేదు. మెట్ల మలుపులో నిలబడి మొదలుపెడితే కింది ఇంటాయన "ఎవరితో నాయనా మాట్లాడుతున్నావ్?" అని పైకి వచ్చాడు. అలాగే వెళ్లాను. "ఈ పని ఎందుకు కావాలి?" అని అడిగారు. "ఎందుకంటే నేను..." అన్నాను. ఆ ముగ్గురిలో ఒకాయన, పాపం చాలా మంచివాడు, నా వాక్యం తనే పూర్తి చేశాడు. నీలాగే. ఆయన చెప్పింది నేను చెప్పాలనుకున్నది కాదు. నవ్వేసి వచ్చేశాను. పని ఇంకొకరికి ఇచ్చారు.

గోడ మళ్లీ కట్టించమని ఇదంతా రాయడం లేదు. అడిగావు, చెప్పాను. ఇక్కడ తలుపు పడుతుంది. ప్రెస్సులో మెషీన్ల మోతలో ఎంత గట్టిగా మాట్లాడినా ఎవరికీ వినపడదు. రోజులు వెళ్లిపోతున్నాయి. ఇంటికి ఎప్పుడొస్తానంటే, తెలియదు.

నీ అన్నయ్య

*

ప్రియమైన అన్నయ్యకు,

"నేను ఓడిపోయాను" అని రాస్తే అది కూడా గెలవడానికి వేసిన ఎత్తుగడలాగే ఉంటుంది. కనుక జరిగినదే రాస్తాను.

నీ ఉత్తరాన్ని బల్ల దగ్గర పైకి చదివాను. సగంలో నా గొంతు పట్టేసింది. నా బదులు ఎవరూ అందుకోలేదు. మళ్లీ గొంతు వచ్చేదాకా అందరూ ఆగారు. నీకు ఒక్కసారి కూడా దక్కని మర్యాద అది. నాకు అడగకుండానే దక్కింది.

అమ్మ అంది, "గొడుగు వెతకడానికి అంతసేపా అని నేనెప్పుడూ అడగలేదే." అని ఊరుకోకుండా, "వాణ్ణి అడిగితే గోడను అడిగినట్టే అని ఎన్నిసార్లు విసుక్కున్నానో" అని ఏడ్చింది. నాన్న లేచారు. చెంచా తీసుకెళ్లి ఏదో సొరుగులో పెట్టేశారు. ఏ సొరుగో నేను చూడలేదు, వెతకను కూడా.

గోడ వద్దన్నావు. నేను వినలేదు. మొదట చెక్కలతో అడ్డుగోడ వేయించాను, చోటు కలిసొస్తుందని. అందులోకి వెళ్లి మామూలు గొంతుతో నా పాత పోటీ ప్రసంగం మొదలుపెట్టాను. వంటింట్లోంచి అమ్మ "రెండో ముక్క మొదటిదాని కంటే బాగుందే" అంది. ఆ చెక్కలు ఆ రోజే పీకించాను. తర్వాత తాపీమేస్త్రీ వచ్చి ఇటుకలతోనే కట్టాడు. తడి ఆరాక మళ్లీ లోపలికి వెళ్లి, గడియ వేసుకుని, గొంతు చించుకుని అరిచాను. తలుపు తీసేసరికి అమ్మ ఎదురుగా చీపురుతో నిలబడి ఉంది. "ఏమైనా అన్నావా?" అంది. ఇంతకన్నా గొప్ప తీర్పు నాకు ఏ న్యాయనిర్ణేతా ఇవ్వలేదు.

గడియ పాతదే. వడ్రంగి పారేయకుండా దాచాడు. లోపలి వైపే పెట్టించాను.

వంటింట్లో మళ్లీ చీకటి. నాన్న పేపరు విప్పితే అమ్మ మళ్లీ కత్తిపీట ఎత్తేస్తోంది. ప్రదర్శనలోంచి నా బొమ్మలు తెచ్చేసుకున్నాను. ఎందుకని ప్రొఫెసర్ అడిగితే, "ఆ ఇంట్లో ఒక అంగుళం లెక్కలోకి రాలేదండీ" అన్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదేనని నాకు తెలుసు. ఇటుకలు పేర్చి గోడను తిరిగి నిలబెట్టగలిగాను. ఆ ముగ్గురి ముందు నువ్వు చెప్పాలనుకున్న జవాబును ఏ మేస్త్రీ తిరిగి తేలేడు. అదేమిటో కూడా నాకు తెలియదు. నువ్వు ఆ పని ఎందుకు కోరుకున్నావో ఊహిద్దామని చూశాను. నాకు తోచినవన్నీ నా జవాబులే. నీ గొంతులో ఒక్కటీ వినపడలేదు. ఇన్నేళ్లు నీ మాటలు నేనే చెప్పి, నీ మాట ఎలా ఉంటుందో తెలుసుకోకుండా మిగిలాను.

ఇంకో సంగతి, ఇది అన్నింటికంటే ఆలస్యంగా అర్థమైంది. నీకు ఆ గది అవసరం ఎందుకొచ్చింది? మన బల్ల వల్ల. మూసిన తలుపు వెనక పదిసార్లు చెప్పుకుంటే తప్ప అన్నం దగ్గర ఒక్క మాట అనలేని చోటుగా ఆ బల్లను చేసింది నాన్న చెంచా, నా నోరు. ఇంట్లో ప్రతి మూలనూ పనిలో పెట్టిన నేను, నలుగురం మాట్లాడుకునే చోట నీకు జానెడు జాగా వదల్లేదు.

ఈ ఉత్తరం పోస్టు చేసే ముందు బల్ల దగ్గర చదివి వినిపిస్తున్నాను. అమ్మ, నాన్న ఎదురుగా ఉన్నారు. నీ కుర్చీ ఉంది. ఇది వాదన కాదు, కాబట్టి గడువు లేదు. మీ ముగ్గురినీ అడుగుతున్నది ఇదీ.

అమ్మా, నాన్నా, అన్నయ్య మాట వెతుక్కునే వేళ కళ్లు దించుకోకండి. సాయం చేయకండి. నేను నోరు తెరవబోతే నా చెయ్యి పట్టుకుని ఆపండి.

అన్నయ్యా, గది నీది. కావాలంటే గడియ వేసుకో, వద్దనుకుంటే వదిలెయ్. కానీ "నాకు ఆ గది" అన్న దగ్గర నీ మాట ఇంకా ఈ బల్ల మీదే ఉంది. రా. సాధన చేయకుండా రా. తడబడుతూనే, ఎంతసేపు పట్టినా సరే, మా ముందు కూర్చుని దాన్ని నువ్వే పూర్తి చెయ్యి.

నీ చెల్లెలు