బూడిద రంగు కార్డిగన్

డిసెంబరు, ఆదివారం

కోపం తగ్గక, పడుకోకుండా ఇది రాస్తున్నాను.

ఆపరేషన్ అయిన మూడు నెలలకు ఈరోజే మా ఆయన విందుకని గడప దాటారు. ఒళ్లు తగ్గి చొక్కాలన్నీ వేలాడుతున్నాయని మొదట రానన్నారు. అందుకే నేను బూడిద రంగు పల్చని కార్డిగన్ కొనితెచ్చాను. లోపల తెల్ల టీషర్టు, కింద నల్ల ప్యాంటు. బొత్తాలు పెట్టకుండా వదిలేసి, చేతుల అంచులు కొంచెం మడిచాను. అద్దంలో రెండుసార్లు చూసుకుని, "బాగుండాదే!" అన్నారు. ఆ ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్లయిందో.

బావగారింటి వాకిట్లోనే అంతా అయిపోయింది. "ఏమిరా, మన రాజపాళయం ఊటీ అయిపోయెనా? స్వెట్టర్ ఏసుకొని వచ్చినావే!" అన్నారు బావగారు. ఈయన సొంత అన్న! హాలంతా నవ్వు. ఈయన కూడా నవ్వేసి, కార్డిగన్ విప్పి నా చేతికిచ్చారు. పుల్లల్లాంటి ఆ చేతులు చూశాక గానీ వాళ్ల నవ్వు ఆగలేదు.

నేను ఊరుకోలేదు. "బావా, ఇంతమంది నవ్వినారే, ఆస్పత్రికి ఒక్కరైనా వచ్చినారా?" అని అడిగేశాను.

తిరిగి బండి మీద వస్తుంటే ఈయన, "అన్నని అందరి ముందర అట్ల అడగొచ్చునా? రేపు ఫోన్ చేసి, తప్పయిందని మన్నిప్పు అడుగు" అన్నారు.

అడగను. బావగారి ఎగతాళి కన్నా, దానికి ఈయన కూడా నవ్వినందుకే నా కడుపు ఎక్కువ మండుతోంది. ఈయనే వాళ్ల పక్షాన నిలబడితే, నేను పోట్లాడింది ఎవరి కోసం?