హెడ్డు బోల్టులు నేనే బిగించాను

నాన్నా,

పోలరాజు మామ లారీ ఇంజను హెడ్డు బోల్టులు పొద్దున్నే నేను బిగించేశాను. నువ్వు మళ్ళీ పానాకి పైపు తొడిగి బిగించకు. కంపెనీ పుస్తకంలో ఉన్న బిగువు పదకొండు కేజీ-మీటర్లు. బిగువెంతో ముల్లుతో చూపించే టార్కు రెంచితో మధ్య బోల్టు దగ్గర మొదలుపెట్టి, మూడు విడతల్లో అన్నిటినీ అక్కడికి తెచ్చాను. బిగిస్తే బోల్టు కాస్త సాగుతుంది, ఆ బిగువే హెడ్డును పట్టి ఉంచుతుంది. మరీ బిగిస్తే సాగిపోయి పట్టు వదిలేస్తుంది. పోయిన నెల హెడ్డు కింద వేసే గ్యాస్కెట్టు రేకు కాలింది అందుకే. నువ్వన్నట్టు అది నాసిరకం కాదు.

"నా చెయ్యి కన్నా నీ పుస్తకానికి ఎక్కువ తెలుసేటే?" అని నిన్న డ్రైవర్ల ముందు నవ్వావు. నేను ఊరుకున్నాను గానీ ఒప్పుకోలేదు.

మామ వచ్చి అడిగితే తమ్ముడు చేశాడని చెప్పకు. హెడ్డు దగ్గర నీళ్ళు కారితే తప్పు నాది. కారకపోతే పని కూడా నాదేనని చెప్పు. నేను బిష్టుపూర్ బజారుకి వెళ్తున్నాను, మధ్యాహ్నానికి వస్తాను.

పైడితల్లి
7-9-81

కుడి భుజం లాగుతోందని నువ్వు అమ్మతో అనడం విన్నాను. ఈ రెంచికి అంత బలం అక్కర్లేదు, ముల్లు పదకొండు మీదకి రాగానే ఆపేస్తే చాలు. అడిగితే నేర్పుతాను.